మంత్రి అయిన బంటు కథ

ఇటీవల సంగం జాగర్లమూడిలో కొద్దిమందిమి కూర్చుని ఒక యువ రచయిత కథ విన్నాం. కూలి కుటుంబంలో పుట్టిన కుర్రవాడు రైల్వే స్టేషన్ బల్ల మీద ఎవరో ఆడుతుంటే చూసి చదరంగం నేర్చుకుంటాడు. గుంటూరు పోటీలో పేరుమోసిన వాళ్లందరినీ ఓడించి, చేత కప్పుతో తెనాలి వెళ్లే బండిలో వచ్చి మా స్టేషన్లో దిగుతాడు. కథ అక్కడ ఆగుతుంది. విన్నవాళ్లు బాగుందన్నారు. నేను మాత్రం ఒక ప్రశ్న వేశాను: ఆ కుర్రవాడికి ఎత్తులు రాసుకోవడం ఎవరు నేర్పారు?

"అది కథకు అవసరమా మాస్టారూ?" అన్నాడు రచయిత. అవసరమనే నా వాదన. ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను గనుక ఇక్కడ రాస్తున్నాను.

మన సాహిత్య సంప్రదాయంలో చదరంగానికి మంచి పేరు లేదు. 1936లో లక్నోలో అఖిల భారత అభ్యుదయ రచయితల మొదటి మహాసభకు అధ్యక్షత వహించిన ప్రేమ్‌చంద్, అంతకు పన్నెండేళ్ల ముందే 'శత్రంజ్ కే ఖిలాడీ' రాశాడు. అవధ్ రాజ్యం ఇంగ్లీషువాళ్ల చేతిలో పడుతుంటే ఇద్దరు జాగీర్దార్లు బల్ల ముందు నుంచి లేవరు. రాజ్యం కోసం కదలని కత్తులు చివరికి చెక్క రాజు కోసం దూస్తారు. భూస్వామ్య వర్గపు సోమరితనం మీద అంత పదునైన కథ మరొకటి అరుదు. అయితే దాన్ని చదివి మనం చదరంగమంటేనే తిన్నదరక్క ఆడే ఆట అనే నిర్ణయానికి వచ్చేశాం. ఆ బల్ల మరొకరి చేతికి వెళితే ఏమవుతుందనే ప్రశ్న వేసుకోలేదు.

వెళ్లింది కూడా. పంజాబులో ఉమర్ హయాత్ ఖాన్ అనే భూస్వామి ఆశ్రయంలో ఉన్న మీర్ సుల్తాన్ ఖాన్‌ను ఆయన లండన్ తీసుకుపోయాడు. సుల్తాన్ ఖాన్ 1929, 1932, 1933లలో బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు, మాజీ ప్రపంచ విజేత కాపబ్లాంకాను ఓడించాడు. యజమాని తిరిగి వస్తే తానూ తిరిగివచ్చాడు. పెద్ద పోటీల్లో ఆయన పేరు మళ్లీ వినబడలేదు. 1966లో చనిపోయిన మనిషికి ప్రపంచ చదరంగ సమాఖ్య గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది 2024లో. తన పిల్లలకు చదరంగం నేర్పడానికి ఆయన ఇష్టపడలేదని, మరేదైనా పనికొచ్చేది నేర్చుకోమన్నాడని చెబుతారు. ఆయన తర్వాత ఆ వరసలో ఎవరూ లేరు. మన యువ మిత్రుడి కథలో కప్పుతో దిగిన కుర్రవాడు నాకు సుల్తాన్ ఖాన్‌లాగే కనిపించాడు. అతని ముందూ ఎవరూ లేరు, వెనకా ఎవరూ లేరు.

దీనికి భిన్నమైన చరిత్ర అమెరికా నల్లజాతి వాడల్లో నడిచింది. జమైకాలో 1966లో పుట్టి, పన్నెండేళ్ల వయసులో న్యూయార్క్ చేరిన మారిస్ ఆష్లీ, బ్రూక్లిన్ పార్కులో ఆడే నల్లజాతి ఆటగాళ్ల బృందం చేతిలో ఓడుతూ ఎదిగాడు. తమది 'బ్లాక్ బేర్ స్కూల్' అని వాళ్లు చెప్పుకునేవారు. బడీ లేదు, బోర్డూ లేదు. ఆ తర్వాత ఆష్లీ హార్లెంలో బడి పిల్లలకు శిక్షకుడయ్యాడు. 1991లో ఆ పిల్లల జట్టు 'రేజింగ్ రూక్స్' జాతీయ జూనియర్ హైస్కూల్ పోటీలో ప్రథమ స్థానం పంచుకుంది. ఆష్లీ గ్రాండ్‌మాస్టర్ అయింది 1999లో. ఆ బిరుదు పొందిన మొదటి నల్లజాతి ఆటగాడు అతనే. ఈ రెండు సంవత్సరాల క్రమాన్ని విద్యార్థులు గమనించాలి. పిల్లలకు నేర్పింది ముందు, బిరుదు తర్వాత. పత్రికల్లో సాధారణంగా ఈ క్రమం తలకిందులవుతుంది. వీరుడు ముందు గెలుస్తాడు, తర్వాత దయతలచి తన వాళ్ల దగ్గరికి వస్తాడు.

నైజీరియా యువకుడు టుండే ఒనకోయ ఉదాహరణ మరింత దగ్గరిది. లాగోస్ పక్కన ఇకొరొడులో పేదవాడలో పెరిగాడు. ఫీజు కట్టలేక బడి మానేసిన రోజుల్లో మంగలి దుకాణంలో చదరంగం చూసి నేర్చుకున్నాడు. తల్లి ఒక బడిలో పాచిపని చేసి, దానికి బదులుగా కొడుకును అదే బడిలో చేర్పించింది. 2018లో, ఇరవై నాలుగేళ్లు నిండకముందే, 'చెస్ ఇన్ స్లమ్స్ ఆఫ్రికా' ప్రారంభించాడు. నీళ్ల మీద గుంజలు పాతి ఇళ్లు కట్టుకున్న మాకోకోలో, వీధి పిల్లలు తలదాచుకునే ఓషోడి వంతెన కింద బల్లలు పరిచాడు. చదరంగం అక్కడ బడికి దారి. ఆట నేర్చిన పిల్లల చదువుకు దాతలను వెతకడం ఆ సంస్థ పని. 2024 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో షాన్ మార్టినెజ్‌తో కలిసి అరవై గంటలు ఆడాడు. ఆఫ్రికా పిల్లల చదువుకు పది లక్షల డాలర్లు పోగుచేయాలన్నది లక్ష్యం. మర్నాడు అందరూ రాసింది గంటల లెక్క.

చదరంగంతో పేదరికం పోతుందని నేననడం లేదు. 2012లో ప్రభుత్వం మాకోకోలో ఇళ్లు కూల్చింది. అలాంటిది రేపు మళ్లీ జరిగితే ఏ ఎత్తూ ఆపలేదు. దాతృత్వానికి ఉన్న హద్దులు దీనికీ ఉన్నాయి. అయినా ఆ వంతెన కింద జరిగే పని ఏమిటో రచయిత తెలుసుకోవాలి.

చదరంగం నేర్పడమంటే పావులు నడపడం చూపడం కాదు. అది ఒక పూటలో వస్తుంది. అసలు చదువు ఎత్తులు రాసుకోవడంతో మొదలవుతుంది. నిలువు వరుసకు ఒక అక్షరం, అడ్డ వరుసకు ఒక అంకె. ఈ పదహారు గుర్తులతో అరవై నాలుగు గళ్లకూ పేర్లు వస్తాయి. ఆట అయ్యాక ఓడినవాడు ఆ కాగితం ముందు పెట్టుకుని, పక్కన పెద్దవాడిని కూర్చోబెట్టుకుని, తాను ఎక్కడ తొందరపడ్డాడో వెతుకుతాడు. గెలిచిన ఆట కన్నా ఓడిన ఆటే పాఠం. అంటే అక్షరం కావాలి, కాగితం కావాలి, ఓటమిని ఎగతాళి చేయని మనిషి కావాలి. మూడోది దొరకడం అన్నిటికన్నా కష్టం.

పై మెట్లకు ఖర్చు తోడవుతుంది. గ్రాండ్‌మాస్టర్ కావాలంటే రేటింగ్ 2500 దాటాలి, దానితో పాటు సాధారణంగా మూడు 'నార్మ్‌లు' సాధించాలి. నార్మ్ రావాలంటే ఆ పోటీలో గ్రాండ్‌మాస్టర్లు ఎదురుపడాలి, విదేశీయులతో ఆడాలి. గ్రాండ్‌మాస్టర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది ఉన్న ఖండంలో పుట్టినవాడు విమానం ఎక్కాలి, దానికి ముందు వీసా సంపాదించాలి. ప్రతిభ అనే ఒక్క మాటతో కథ నడిపితే ఇవన్నీ దాగిపోతాయి.

మన గడ్డనే చూడండి. గుంటూరులో పుట్టిన పెంటేల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టర్ అయ్యారు, తొలిపాఠం తాతగారిది. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే ఆ బిరుదు పొందారు. ఆమెకు నేర్పడానికి తండ్రి అశోక్ అధ్యాపక ఉద్యోగం వదిలారు. గుంటూరు ఆడపడుచు ద్రోణవల్లి హారిక 2011లో గ్రాండ్‌మాస్టర్. వీరి కృషిని తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. తాతో తండ్రో తన కాలాన్ని ఇవ్వగలిగిన ఇల్లు ఉండడం ఎంత పెద్ద సంగతో చెప్పడానికే. ఆ ఇల్లు లేని పిల్లకు పార్కో, వంతెనో, గ్రంథాలయమో ఇల్లు కావాలి. ఇక నేర్పడం గురించైతే, 2024లో సింగపూరులో గుకేశ్ ప్రపంచ విజేత అయినప్పుడు అతని సహాయకుల్లో హరికృష్ణ ఉన్నారు. దాని మీద మనవాళ్లు ఒక్క కవితైనా రాసినట్టు నా కంటబడలేదు.

కవిత అంటే గుర్తొచ్చింది. మన కవులకు బంటు అంటే మహా ఇష్టం. బంటు శ్రామికుడు, ఎనిమిదో గడి చేరితే మంత్రి. నేనూ వాడాను ఈ ప్రతీకను. ఇరవై ఏళ్ల కిందట పరుగుపందెం గెలిచిన ఒక పాకీపనివారి పిల్ల మీద కథ రాసి, చివరి వాక్యంలో ఆమెను బంటు నుంచి మంత్రిని చేశాను. ఆమెకు పరుగు నేర్పిన అక్క కథలో లేదు. నిజజీవితంలో ఉంది, నాకు తెలుసు, అయినా వదిలేశాను. విజయం ఒంటరిగా ఉంటే ఎక్కువ మెరుస్తుందని అప్పట్లో నా నమ్మకం. ఆలోచిస్తే ఆ ప్రతీక అభ్యుదయకరమైనది కానే కాదు. ఒక బంటు మంత్రి కావడానికి మిగిలినవి దారిలో రాలిపోతాయి, పైకి వచ్చినది తన పూర్వరూపాన్ని పూర్తిగా వదిలేస్తుంది. ఆట తెలిసినవాళ్లు బంటును మరోలా చూస్తారు. బంట్లకు ఆటలో మొదటి స్థానం ఇచ్చిన ఫిలిదోర్ పుస్తకం 1749లో, ఫ్రెంచి విప్లవానికి నలభై ఏళ్ల ముందు వచ్చింది. పక్కపక్కన నిలిచి ఒకదాన్నొకటి కాచుకునే బంట్లను కదిలించడం కష్టమని శిక్షకులు ఈనాటికీ మొదటి నెలలోనే చెబుతారు.

ఈ మాటల్లో కొన్ని ఆ యువ మిత్రుడికి ముందే చెప్పాను. పోయిన వారం కథ తిరగరాసి తెచ్చాడు. ఇప్పుడు కుర్రవాడు గుంటూరులో మూడో ఆట ఓడిపోతాడు. ఇంటికొచ్చి, తాను ఓడిన ఆటను చెల్లెలి ముందు మళ్లీ పరుస్తాడు. ఆ పిల్ల ఒక గుర్రాన్ని చేతిలోకి తీసుకుని, "అన్నా, ఇది ఇక్కడికి దూకితే?" అంటుంది. కథ బాగుంది. ఒక్క చిక్కు: అతను రాసిన గడి నుంచి గుర్రం అక్కడికి దూకలేదు. బల్ల తెచ్చి చూపించాను. సరిచేసుకొస్తానని కాగితాలు పట్టుకెళ్లాడు.