కల్వకుర్తి ఇళ్ల బేరాలు: చెప్పే ధర ఒకటి, తెగే ధర ఒకటి
కాగితాలు సరిచేసుకున్న విక్రేతకే గిట్టుబాటు

కల్వకుర్తి: మార్కెట్ యార్డుకు వచ్చిన పత్తికి, వేరుశనగకు ధర కట్టడం ఇక్కడి వర్తకులకు కొత్త కాదు. సరుకు చేతబట్టి చూస్తే నాణ్యం తెలుస్తుంది, పక్క మార్కెట్ల ధారణ గంటలో తెలుస్తుంది. ఇంటి విషయం అలా కాదు. ఒక ఇంటిని పోలిన ఇల్లు అదే వీధిలో మరొకటి ఉండదు. పైగా ఒక కుటుంబం ఇల్లు అమ్మడం తరానికొకసారి జరిగే పని. అందువల్లనే సరుకు బేరంలో పైసా తేడా పోనివ్వని వర్తకుడు కూడా ఇల్లు అమ్మే వేళ ఎవరో చెప్పిన రేటునే ధరగా లెక్క వేసుకుంటున్నాడు. కొనేవాడు రాక, సొమ్ము చేతికందక నెలలు గడిచిపోతున్నాయి.

రహదారుల వార్తల వేడి

హైదరాబాద్–శ్రీశైలం రహదారి, జడ్చర్ల–కోదాడ రహదారి ఈ పట్టణ పరిసరాల్లోనే కలుస్తాయి. నాగర్‌కర్నూలు, కొల్లాపూర్ మీదుగా నంద్యాల వైపు 167 కె జాతీయ రహదారి కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది. రోడ్డు ముఖం ఉన్న స్థలాలకు గిరాకీ గట్టిగా ఉండటానికి ఇదే కారణం.

కాగా, 2025 మార్చిలో ఫ్యూచర్ సిటీ అభివృద్ధి సంస్థ ఏర్పాటైన తర్వాత శ్రీశైలం రహదారి పొడవునా ఆశలు పెరిగాయి. ఏర్పాటు ఉత్తర్వుల్లో పేర్కొన్న 7 మండలాల్లో కడ్తాల్, ఆమనగల్లు ఉన్నాయి గాని కల్వకుర్తి లేదు. అక్కడి ప్లాటు రేటును ఇక్కడి పాత బజారు ఇంటికి కట్టడం జడ్చర్ల ధారణతో కల్వకుర్తి రాశిని అమ్మజూడటం వంటిదే.

భూమి వేరు, కట్టడం వేరు

విలువ కట్టేటప్పుడు ముందుగా భూమిని, కట్టడాన్ని విడదీయాలి. గుంట అంటే 121 గజాలు. దస్తావేజులో రాసిన గజాలు, నేల మీద ఉన్న గజాలు ఒకటేనా అన్నది కొలిపించి చూసుకోవాలి. పాత ఇళ్లలో ఈ తేడా తరచు బయటపడుతుంది. భూమి విలువ కాలంతో పెరుగుతుంది, కట్టడం విలువ తరుగుతుంది. మట్టి మిద్దె ఉన్న పాత ఇంటికి కొనుగోలుదారు కట్టడం విలువ ఇవ్వడు సరికదా, కూల్చివేత ఖర్చు కూడా తగ్గించి అడుగుతాడు. మల్గీలు ఉన్న ఇంటికి మాత్రం వాటిపై వచ్చే కిరాయి కూడా లెక్కలోకి వస్తుంది.

రేటు తెలుసుకోవడానికి నమ్మదగిన దారి, అదే వీధిలో గత ఏడాది నిజంగా తెగిన బేరాలు. ప్రభుత్వ మార్కెట్ విలువ రిజిస్ట్రేషన్ శాఖ వద్ద దొరుకుతుంది. దీనిని 2021 జూలైలోనూ, 2022 ఫిబ్రవరిలోనూ పెంచారు. అది రుసుములు లెక్కించడానికి పెట్టిన కనీస విలువే గాని బజారు ధర కాదు. 2021 జూలై 22 నుంచి స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. 40 లక్షల బేరానికి ఇది 3 లక్షలు. కొనేవాడు ఈ సొమ్మును తన లెక్కలో ముందే పక్కన పెట్టుకుంటాడు.

కాగితాల తేమ

పత్తిలో 8 శాతం తేమ ఉంటే భారత పత్తి సంస్థ పూర్తి మద్దతు ధర ఇస్తుంది. 12 శాతం వరకు కోత పెట్టి తీసుకుంటుంది. ఆపైన ఉన్న సరుకును తిప్పి పంపుతుంది. ఇళ్లలోనూ ఇవే మూడు రకాలు.

రిజిస్టరు దస్తావేజు, దానికి ముందరి లింకు పత్రాలు, ఈసీ, మున్సిపాలిటీలో అమ్మేవారి పేరు, బకాయి లేని పన్ను రశీదు ఉన్న ఇల్లు మొదటి రకం. తండ్రి పోయాక పేరు మార్పించని ఇల్లు, ఎల్ఆర్ఎస్ పూర్తికాని ప్లాటులోని ఇల్లు, అసలు పత్రాలు బ్యాంకులో కుదువ ఉన్న ఇల్లు రెండవ రకం. వీటిని సరిచేయవచ్చు, కాని ఆ పని బేరానికి ముందే జరగాలి. తెల్లకాగితం మీద కొన్న ఇల్లు, కోర్టు తగాదాలో ఉన్న ఇల్లు మూడవ రకం. వీటి జోలికి పోయేవాడు సగం ధరకే అడుగుతాడు.

ఆడబిడ్డల వాటా విషయంలో ఏమరుపాటు తగదు. హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఇస్తూ 2005లో కేంద్రం చట్టం సవరించింది. తండ్రి ఆనాటికి జీవించి ఉండకపోయినా ఆ హక్కు వర్తిస్తుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. అన్నదమ్ములు సంతకాలు చేసి అక్కచెల్లెళ్లను వదిలేసిన దస్తావేజును తెలిసిన కొనుగోలుదారు ముట్టుకోడు.

బయానా, పన్ను

బయానా నగదుగా తీసుకునే అలవాటు ఇంకా పోలేదు. స్థిరాస్తి బేరంలో 20 వేల రూపాయలు, అంతకు మించి నగదు పుచ్చుకుంటే, పుచ్చుకున్నంత మొత్తాన్ని జరిమానాగా విధించే వీలు ఆదాయపు పన్ను చట్టంలో ఉంది. చెక్కు ద్వారా, రాసుకున్న అగ్రిమెంటు మీద, గడువు పెట్టి తీసుకోవడమే క్షేమం. దళారి కమీషన్ ఎంత, ఎవరు ఇవ్వాలి అన్నది కూడా ముందే తేల్చుకోవాలి.

2024 జూలై 23కు ముందు కొన్న ఇంటికి వ్యక్తులు, హిందూ ఉమ్మడి కుటుంబాలు రెండు లెక్కల్లో తక్కువదానిని ఎంచుకోవచ్చు. ఉదాహరణకు 2005-06లో 5 లక్షలకు కొన్న ఇంటిని 2025-26లో 40 లక్షలకు అమ్మితే, ద్రవ్యోల్బణ సూచీ ప్రకారం కొన్న ధర సుమారు 16 లక్షలవుతుంది. మిగిలిన లాభంపై 20 శాతం అంటే దాదాపు 4.79 లక్షలు. సూచీ లేకుండా 35 లక్షల లాభంపై 12.5 శాతం అంటే 4.38 లక్షలు. ఇక్కడ రెండవదే లాభం. కొన్న ధర ఎక్కువగా ఉన్నచోట లెక్క తారుమారు కావచ్చు. దస్తావేజులో ధర తగ్గించి రాసినా ఫలితం ఉండదు. ప్రభుత్వ విలువ రాసిన ధరను 10 శాతానికి మించి దాటితే ప్రభుత్వ విలువ మీదే పన్ను పడుతుంది.

అదను

పత్తి డబ్బు చేతులు మారే నెలల్లో స్థానిక కొనుగోలుదారు బజారులోకి వస్తాడు. ఆషాఢం, పుష్యం, మూఢం రోజుల్లో రిజిస్ట్రేషన్లు మందగిస్తాయి. ఈ మందకొడి కాలంలో కొలతలు, పేరు మార్పు, వారసుల సంతకాలు ముగించుకున్న విక్రేత గిరాకీ వచ్చిన నాడు తన ధరకు నిలబడగలడు. ఆ పని చేయనివాడు కొనేవాడు చెప్పిన ధరకే దిగిరాక తప్పదు.