పెట్రోలూ పోయాలి, ప్లగ్గూ పెట్టాలి: ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారు సంగతి

గల్ఫ్ నుంచి సెలవు మీద బేస్తవారిపేట వచ్చిన ఒక డ్రైవర్ భాయ్ టీ కొట్టు దగ్గర చెప్పిన మాట ఇది. "మా కఫీల్ కొత్త కారుకు పెట్రోలూ పోస్తాం, రాత్రిపూట చార్జింగూ పెడతాం." పక్కనున్న కుర్రాడు వెంటనే, "అంటే మన ఇన్నోవా హైక్రాస్ లాంటిదేగా" అన్నాడు.

కాదు. పైకి రెండూ హైబ్రిడ్‌లే అయినా హైక్రాస్‌కు చార్జింగ్ పెట్టే సాకెట్టే ఉండదు. 2022లో మన దేశంలో వరుసగా వచ్చిన హోండా సిటీ హైబ్రిడ్, మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్‌లకూ అంతే. వాటిలో బ్యాటరీ చిన్నది. మన కరెంటు మీటరు లెక్కలో చెప్పాలంటే రెండు యూనిట్లు కూడా పట్టదు. ఇంజను, బ్రేకు కలిసి దాన్ని నింపుతుంటాయి, మనం చేసేదేమీ లేదు. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో బ్యాటరీ పెద్దది, చాలా కార్లలో 10 నుంచి 20 యూనిట్ల దాకా ఉంటుంది. దాన్ని ఇంట్లో ప్లగ్గు పెట్టి నింపాలి. అది నిండి ఉన్నంతసేపు పెట్రోలు చుక్క కాలకుండా 50 కిలోమీటర్లో, 80 కిలోమీటర్లో నడుస్తుంది. అయిపోతే మామూలు హైబ్రిడ్ లాగా ఇంజను అందుకుంటుంది.

ఈ రకం కార్లు కొత్తవేం కావు. చైనా కంపెనీ బీవైడీ 2008 డిసెంబరులోనే ఒకటి అమ్మకానికి పెట్టింది. అమెరికాలో 2010 చివర్లో షెవ్రోలే వోల్ట్ వచ్చింది. మన దగ్గర 2016లో వచ్చిన వోల్వో ఎక్స్‌సీ90 టీ8 లాంటివి కోటి రూపాయలు దాటిన బళ్లు, అందుకే మన రోడ్ల మీద కనిపించవు. కానీ బయటి దేశాల్లో డ్రైవరు పని చేసే మనవాళ్ల చేతికి ఇవి వస్తున్నాయి. ఇక్కడ కూడా షోరూముల్లో హైబ్రిడ్ అనే మాట రోజూ వినిపిస్తోంది.

ఇందులో మోటారు రెండు పనులు చేస్తుంది. యాక్సిలరేటరు తొక్కితే బ్యాటరీ కరెంటుతో చక్రాన్ని తిప్పుతుంది. కాలు తీసినా, బ్రేకు నొక్కినా అదే మోటారును చక్రం తిప్పుతుంది, అప్పుడు కరెంటు పుట్టి వెనక్కి బ్యాటరీలోకి పోతుంది. పాత సైకిలుకు డైనమో ఆనిస్తే లైటు వెలిగేది, తొక్కడం మాత్రం బరువెక్కేది, గుర్తుందా? ఆ బరువే ఇక్కడ బ్రేకు.

ఖర్చు లెక్క చూద్దాం. 15 యూనిట్ల బ్యాటరీ నింపడానికి మధ్యలో పోయేది కలుపుకుని 17 యూనిట్లు అనుకోండి. యూనిట్ 8 రూపాయలు వేసుకుంటే 136 రూపాయలు. దాంతో 70 కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు 2 రూపాయలు. అదే బరువున్న కారు లీటరుకు 16 కిలోమీటర్లు ఇస్తే, 110 రూపాయల పెట్రోలుతో కిలోమీటరుకు 7 రూపాయలు దాటదు గానీ దాని దగ్గరికి వస్తుంది. కంభం, గిద్దలూరు పోయి రావడం చాలావరకు కరెంటు మీదే అయిపోతుంది. హైదరాబాద్ పోతే మాత్రం దారిలో ఎక్కువ భాగం పెట్రోలే.

అయితే ప్లగ్గు పెట్టకపోతే? అంత బరువు బ్యాటరీని ఊరికే మోసుకు తిరగడమే. యూరప్‌లో 2021లో రిజిస్టరైన కార్ల లోపలి మీటర్ల లెక్కలు తీసి యూరోపియన్ కమిషన్ 2024లో చెప్పింది: ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ల నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ కాగితం మీద ఉన్నదానికి సగటున మూడున్నర రెట్లు. ముఖ్య కారణం, చార్జింగ్ పెట్టాల్సినంతగా పెట్టకపోవడం. ఇంటి దగ్గర సాకెట్ సౌకర్యం లేనివాళ్లు ఈ కారు కొనడం నా దృష్టిలో దండగ.

సాకెట్ అన్నాక ఎర్తింగ్ సంగతి చెప్పాలి. కారు చార్జింగ్ గంటో అరగంటో కాదు, అయిదారు గంటలు ఆగకుండా కరెంటు లాగుతుంది. మిక్సీ, ఫ్యాను ఉన్న లైనులో గానీ, జంక్షన్ బాక్సు తగిలించి గానీ పెట్టకూడదు. మీటరు దగ్గర నుంచి విడిగా మందపాటి వైరు, 16 ఆంపియర్ల మూడు పిన్నుల సాకెట్, లీకేజీ వస్తే కట్ చేసే బ్రేకరు వేయించుకోవాలి. మన పడమటి ప్రకాశం నేల ఎండితే రాయే. ఎప్పుడో ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఎర్త్ గొయ్యి ఏప్రిల్, మే నెలల్లో పొడిబారితే ఎర్త్ పేరుకే ఉంటుంది. అందులో నీళ్లు పోస్తూ ఉండండి, ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి మీటరు పెట్టి చూపించండి. చార్జింగ్ పెట్టిన అరగంటకు ప్లగ్గును తాకి చూడండి. చెయ్యి చురుక్కుమంటే ఆపేయండి.

ఇక అసలు ప్రమాదం. మామూలు కారులో ఇంజను చప్పుడే మనకు గుర్తు. చప్పుడు లేదంటే బండి ఆగినట్టు. ఇందులో ఆ గుర్తు పనిచేయదు. బటన్ నొక్కగానే డ్యాష్‌బోర్డు మీద 'రెడీ' అని వెలుగుతుంది, అంతే. ఏ శబ్దమూ ఉండదు. కానీ గేరు పడి కాలు తగిలితే కదిలిపోతుంది. ఇంటి ముందు ఆడుకునే పిల్లలు, జుమా తర్వాత సందులో నిలబడి మాట్లాడుకునే పెద్దలు వెనక నుంచి రివర్సులో వస్తున్న బండిని వినలేరు. యూరప్‌లో ఇలాంటి కార్లు 20 కిలోమీటర్ల వేగం దాకా, రివర్సులోనూ కృత్రిమంగా శబ్దం చేయాలని 2019 జూలై నుంచి కొత్త మోడళ్లకు, 2021 జూలై నుంచి అమ్మే కొత్త కార్లన్నిటికీ నిబంధన పెట్టారు. ఆ శబ్దం ఉన్నా పెళ్లి బ్యాండు పక్కన ఏం వినపడుతుంది? దిగి ఒకసారి వెనక్కి చూసి ఎక్కడమే మేలు.

ఇంకోటి దీనికంటే చెడ్డది. షట్టరు వేసిన గదిలో కారు పెట్టి, తాళం జేబులో వేసుకుని లోపలికి పోతాం. చప్పుడు లేదు కాబట్టి ఆపేశామనుకుంటాం. నిజానికి 'రెడీ' వెలుగుతూనే ఉంది. ఏసీ నడిచి బ్యాటరీ కాస్త తగ్గగానే ఇంజను తనంతట తానే మొదలవుతుంది. మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. పక్క గదిలో పడుకున్నవాళ్లకూ చేరుతుంది. తాళం బదులు బటన్ ఉన్న కార్ల వల్ల అమెరికాలో ఇలా ప్రాణాలు పోయాయి. వలీమాకు పోయి, షెడ్డులో పెట్టిన కారులో ఏసీ వేసుకుని కునుకు తీసే అలవాటు మన డ్రైవర్లకు ఉంది. వద్దు. దిగేముందు 'రెడీ' ఆరిందా లేదా కళ్లతో చూడాలి.

గిద్దలూరు దాటి నల్లమల ఘాట్‌లో నంద్యాల వైపు పోయేవాళ్లకు ఒక సంగతి. ఎక్కేటప్పుడు బ్యాటరీ ఖర్చవుతుంది, దిగేటప్పుడు మళ్లీ నిండుతుంది. బాగానే ఉంది. కానీ కొందరు బ్యాటరీని దాచిపెట్టే 'సేవ్' మోడ్‌లో పెట్టి నిండు బ్యాటరీతో పైకి చేరతారు. అప్పుడు దిగేటప్పుడు పుట్టే కరెంటుకు చోటు ఉండదు, మోటారు బ్రేకు తగ్గిపోతుంది, భారం మొత్తం మామూలు బ్రేకు ప్యాడ్ల మీద పడుతుంది. బండి బరువు కూడా ఎక్కువే. మలుపు మధ్యలో బ్రేకు తేడాగా అనిపిస్తే భయపడతాం. ఘాట్ ఎక్కేటప్పుడు బ్యాటరీని వాడనివ్వండి. గేరు దగ్గర 'బీ' అని ఉంటే దిగేటప్పుడు అందులో వేయండి.

వానాకాలంలో వాగు పొంగితే ఏ కారూ దిగకూడదు, ఇదీ అంతే. ఒకవేళ మునిగితే స్టార్ట్ చేయొద్దు, చార్జింగ్ అసలు పెట్టొద్దు, ముందు మెకానిక్ చూడాలి. యాక్సిడెంట్ అయితే వీలుంటే పవర్ బటన్ ఆపండి, నారింజ రంగు వైర్లు కనపడితే ముట్టుకోకండి, అవి వందల వోల్టులవి. 108కి, 101కి ఫోన్ చేసినప్పుడు హైబ్రిడ్ కారని ముందే చెప్పండి. ఇలాంటి బ్యాటరీకి అంటుకున్న మంట ఆరినట్టే ఉండి గంటల తర్వాత మళ్లీ రాజుకోవచ్చు. పాడైన బండిని తాడు కట్టి లాగించకండి. చక్రం తిరిగితే మోటారు తిరుగుతుంది, మోటారు తిరిగితే కరెంటు పుడుతుంది. నాలుగు చక్రాలూ పైకెక్కించి తీసుకెళ్లే లారీనే పిలిపించండి.