గేటు దగ్గరే ఆగిపోయిన చట్టం

అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి నెలకు రెండు మూడు సార్లు వెళ్లడం నాకు ఏళ్లుగా అలవాటు. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన ఆ సంస్థలో పాత పత్రికలు తిరగేసి, మధ్యాహ్నం చాయ్ కోసం బయటికి వస్తాను. ఆ చాయ్ బండి పక్కన ఒక దుకాణాల సముదాయం ఉంది. దాని మెట్ల మీద నీలం చొక్కా, నల్ల టోపీతో రోజంతా నిలబడి ఉండే పెద్దాయన ఒకరు అక్కడే పరిచయమయ్యారు. వయసు అరవైకి దగ్గర. ఊరు పాలమూరు దిక్కు. మాదీ ఆ జిల్లానే అని తెలిశాక మాటలు పెరిగాయి.

ఒకరోజు అడిగాను: ‘కాకా, ఈ పనిలో చేరేటప్పుడు ట్రైనింగ్ ఎన్ని రోజులు ఇచ్చిండ్రు?’

ఆయన నవ్వారు. ‘ట్రైనింగ్ ఎక్కడిది సారూ! ఆఫీసుల ఒక పూట కూసోబెట్టిండ్రు. ఫోటో దిగినం. నాలుగు కాయితాల మీద సంతకాలు పెట్టిచ్చుకున్నరు. డ్రెస్సు పైసలు మొదటి జీతంల కోసుకున్నరు. తెల్లారి డ్యూటీ.’

ఆయన సంచిలో ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచుకున్న ఒక జిరాక్సు కాగితం ఉంది. అది శిక్షణ పూర్తి చేసినట్టు ఇచ్చిన ధ్రువపత్రం. సంతకం చేయడం తప్ప చదవడం రాని ఆయనకు అందులో ఏముందో నేనే చదివి వినిపించాను. ప్రథమ చికిత్స నేర్చారట, మంటలార్పడం నేర్చారట, గుర్తింపు పత్రాలు తనిఖీ చేయడం నేర్చారట. ‘గిన్ని నేర్సిన్నా నేను?’ అన్నారాయన. ఆ ప్రశ్న నాకు కాదు, రాజ్యానికి వేయవలసినది.

మన దేశంలో ప్రైవేటు భద్రతా రంగానికి చట్టం లేదని ఎవరైనా అనుకుంటే పొరపాటు. 2005లో పార్లమెంటు ప్రైవేటు భద్రతా ఏజెన్సీల నియంత్రణ చట్టం చేసింది. 2006 మార్చి నుంచి అది అమలులో ఉంది. లైసెన్సు లేకుండా ఏజెన్సీ నడిపితే ఏడాది వరకు జైలు, 25 వేల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర హోంశాఖలో సంయుక్త కార్యదర్శి స్థాయికి తగ్గని నియంత్రణాధికారి. పదో సెక్షన్ ప్రకారం గార్డుగా పెట్టుకునే మనిషికి 18 ఏళ్లు నిండాలి, 65 దాటకూడదు, నడవడిక, పూర్వ చరిత్ర సరిగా ఉండాలి, నిర్ణీత శిక్షణ పూర్తి చేసి ఉండాలి. 2006లో కేంద్రం రూపొందించిన నమూనా నిబంధనల లెక్కలో ఆ శిక్షణ 100 గంటల తరగతి బోధన, 60 గంటల క్షేత్ర శిక్షణ. కనీసం 20 పనిదినాలు. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు ఇందులో సడలింపు ఉంది. ఎత్తు పురుషులకు 160, స్త్రీలకు 150 సెంటీమీటర్లు ఉండాలి. ఏడాదికొకసారి వైద్య పరీక్ష జరగాలి.

20 రోజులు ఒక పూటగా మారినప్పుడు, 160 గంటలు నాలుగు సంతకాలుగా కుదించుకుపోయినప్పుడు, పర్యవేక్షించవలసిన రాజ్యం ఎక్కడుంది? ఈ ప్రశ్నను పాలనా లోపంగా చూసి వదిలేస్తే సగమే చూసినట్టు. మిగిలిన సగం కులం.

మా తాత ఊరి సుంకరి. పటేల్, పట్వారీల ముందు నడవడం, దండోరా వేయడం, శిస్తు వసూలుకు రైతుల్ని పిలుచుకురావడం, ఊరికొచ్చిన అధికారుల సామాను మోయడం, ఊరి పొలిమేరలో శవం కనిపిస్తే పోలీసులు వచ్చేదాకా రాత్రంతా కాపలా కూర్చోవడం ఆయన పని. ప్రతిఫలం కళ్లంలో కొలిచే మేర, ఒక చెలక. సుంకరి, మస్కూరి, నీరడి, కావలికారు అని పేర్లు వేరైనా, తెలంగాణ పల్లెల్లో ఈ పనులు ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాలవే. కొన్ని చోట్ల ముదిరాజులవి, బోయలవి. ఊరిని కాపాడే బాధ్యత వాళ్లది. ఊళ్లో దొంగతనం జరిగితే మొదటి అనుమానం కూడా వాళ్ల మీదే. ఊరి సొమ్ముకు కాపలా ఉన్న మనిషికి ఊరి బావిలో నీళ్లు తోడుకునే హక్కు లేదు. బాధ్యత మాత్రమే ఇచ్చి అధికారం ఇవ్వకపోవడం కుల వ్యవస్థ కావలివాడికి పెట్టిన తొలి ‘సర్వీసు నిబంధన’.

ఆ గ్రామ సేవకుల వారసులు గ్రామ రెవెన్యూ సహాయకులై, 2023లో తెలంగాణలో పేస్కేలు పొందేదాకా ఎన్ని దశాబ్దాలు పోరాడారో తెలిసిందే. అయితే పల్లెలో ఆ పోరాటం సాగుతున్న కాలంలోనే, పట్టణంలో కొత్త కావలివాళ్లు తయారయ్యారు. బతుకుదెరువు కోసం పాలమూరు, నల్లగొండ, మెదక్ జిల్లాల నుంచి వచ్చిన భూమిలేని కుటుంబాల పురుషులు గేటు దగ్గర నిలబడ్డారు. స్త్రీలు అపార్ట్‌మెంటు మెట్లు కడిగారు. మేర పోయి జీతం వచ్చింది, కర్ర పోయి విజిల్ వచ్చింది.

పాతబస్తీకి కావలి కొత్తది కాదు. నిజాం కాలంలో బేగంబజార్ సాహుకార్ల కోఠీలకు, జాగీర్దార్ల దేవిడీలకు అరబ్బులు, రోహిల్లాలు కాపలా ఉండేవారు. బార్కస్ అనే పేట పేరు సైనిక బారకాసుల నుంచి వచ్చిందే. ఆ కాపలాదార్లకు ఆయుధం ఉండేది; దానితోపాటు నగరం భయపడేంత పలుకుబడీ ఉండేది. ఇవాళ్టి గార్డుకు యూనిఫారం ఉంది, పలుకుబడి లేదు. యజమాని బంధువు కారును ఆపితే తిట్లు, ఆపకపోతే ఉద్యోగం పోతుంది.

ఆ అధికారం లేని బాధ్యత ఎంత ప్రమాదకరమో అఫ్జల్‌గంజ్ కళ్లారా చూసింది. 2025 జనవరి 16న బీదర్‌లో ఏటీఎంలో నగదు నింపడానికి వచ్చిన సిబ్బందిపై బైకు మీద వచ్చిన ఇద్దరు కాల్పులు జరిపి, డబ్బు పెట్టెతో పారిపోయారు. నగదు సంస్థ ఉద్యోగి ఒకరు ప్రాణం కోల్పోయారు. ఆ దుండగులే అదే సాయంత్రం హైదరాబాద్ చేరి, అఫ్జల్‌గంజ్‌లో రాయ్‌పూర్ బస్సు ఎక్కబోయారు. ప్రయాణికుల సంచులు చూస్తున్న ట్రావెల్స్ ఉద్యోగి వారి సంచిని తనిఖీ చేయబోతే, ఆయన మీద కాల్పులు జరిపి తప్పించుకున్నారు. ఏటీఎంలకు నగదు చేరవేసే వాహనం వెంట శిక్షణ పొందిన సాయుధ గార్డులు కనీసం ఇద్దరుండాలని 2018లో కేంద్రం ప్రత్యేక నిబంధనలు చేసింది. కాగితం మీద అంతా ఉంది. తుపాకీ ముందు మాత్రం జీతానికి పనిచేసే మనిషి ఒంటరిగా నిలబడ్డాడు.

ఆ సంఘటన గురించి మా పెద్దాయనను అడిగితే, ‘అప్పటి సంది సంచి సూపియ్యమంటే భయమైతది సారూ. సూడకుంటే సేటు ఒర్రుతడు’ అన్నారు. సంచిలో అనుమానాస్పదమైనది కనిపిస్తే ఏం చేయాలో, ఎంత దూరం జరగాలో, ఎవరికి ఫోన్ చేయాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు. అవన్నీ ఆ 160 గంటల్లో ఉండవలసిన పాఠాలే. 2025 మే 18న గుల్జార్ హౌజ్ వద్ద జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయారు. ఇరుకు సందులు, కింద దుకాణం, పైన ఇల్లు ఉండే ఈ ప్రాంతంలో రాత్రిపూట పొగను మొదట చూసే అవకాశం ఉన్నది మెట్ల మీది గార్డుకే. మంటలార్పే సిలిండరు ఎలా తిప్పాలో ఆయనకు నేర్పకపోవడం ఆయన ఒక్కడికి జరిగిన అన్యాయం కాదు. ఆ భవనంలో నిద్రపోయే ప్రతి ఒక్కరికీ జరిగిన అన్యాయం.

ప్రమాణాల మాట ఎత్తినప్పుడు ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ప్రమాణాలు జల్లెడగా మారి అడుగు కులాలనే కిందికి జార్చిన అనుభవం మనకుంది. శిక్షణ పాఠ్యాంశాల్లో గుర్తింపు పత్రాలపై ఉండే ఇంగ్లిష్ అక్షరాలను, అంకెలను చదవగలగాలని నమూనా నిబంధనలు చెబుతున్నాయి. నాలుగో తరగతిలో బడి మాన్పించి పశువుల కాపరిగా పెట్టిన మనిషికి అది ఎవరు నేర్పుతారు? నేర్పే 20 రోజులూ ఆయన ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? శిక్షణ ఖర్చు, ఆ రోజుల కూలి అభ్యర్థి మీద పడితే, ప్రమాణం అమలు చేయడమంటే పేదవాణ్ణి పనిలోంచి తీసేయడమే అవుతుంది. ‘పూర్వ చరిత్ర’ తనిఖీ సంగతీ అంతే. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం ఎరుకల వంటి సమూహాలను పుట్టుకతోనే దొంగలుగా ముద్రవేసింది. 1952లో అది రద్దయినా, అనుమానపు చూపు రద్దు కాలేదు. తనిఖీ వ్యక్తి చేసిన నేరానికి పరిమితం కావాలి. పుట్టిన తండా, పేట, ఇంటిపేరు అందులో లెక్కకు రాకూడదు.

ప్రభుత్వ కార్యాలయాల్లో వాచ్‌మన్ ఒకప్పుడు నాలుగో తరగతి ఉద్యోగి. ఆ పోస్టు రోస్టర్‌లో ఉండేది. దళిత, గిరిజన, వెనుకబడిన కులాల పిల్లవాడికి రాజ్యాంగం ఇచ్చిన హక్కుగా దక్కేది. ఆ పని టెండరులోకి వెళ్లిన రోజున రిజర్వేషన్ కూడా గేటు బయటే ఉండిపోయింది. పని చేసేది ఆ కులాలవాళ్లే. హక్కు మాత్రం పోయింది. ఆంధ్రప్రదేశ్ 2020లో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగాల కోసం ఆప్కాస్ అనే ప్రభుత్వ సంస్థను నెలకొల్పి, దళారుల ప్రమేయం లేకుండా జీతాలివ్వడానికి, సగం ఉద్యోగాలు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు ఇవ్వడానికి పూనుకుంది. లోపాలున్నా, ఔట్‌సోర్సింగ్‌లోనూ సామాజిక న్యాయం గురించి మాట్లాడవచ్చని అది రుజువు చేసింది.

మహారాష్ట్ర ఇంకా ముందే నడిచింది. 1981లోనే ప్రైవేటు సెక్యూరిటీ గార్డుల ఉపాధి, సంక్షేమ చట్టం చేసి, ప్రభుత్వం, యజమానులు, కార్మికులు ముగ్గురూ కలిసిన బోర్డులు పెట్టింది. గార్డు బోర్డులో నమోదవుతాడు. యజమాని జీతాన్ని, సంక్షేమ సుంకాన్ని బోర్డుకు కడతాడు. కేంద్ర చట్టం గార్డును పోలీసు కోణం నుంచి చూసింది. మహారాష్ట్ర చట్టం శ్రామికుడిగా చూసింది. ఆ రెండు చూపులూ కలిస్తేనే ప్రమాణం నిలబడుతుంది. నిజానికి కేంద్ర చట్టంలోనూ ఒక షెడ్యూలు ఉంది. కనీస వేతనాలు, భవిష్య నిధి, బోనస్, గ్రాట్యుటీ వంటి కార్మిక చట్టాలను ఉల్లంఘించిన ఏజెన్సీ లైసెన్సును రద్దు చేయవచ్చు. కానీ లైసెన్సు ఇచ్చే శాఖ హోంశాఖ, వేతనం చూసే శాఖ కార్మికశాఖ. ఈ రెండింటి మధ్య గార్డు జారిపోతున్నాడు. తెలంగాణలో 2021లో సెక్యూరిటీ సర్వీసులు సహా ఐదు రంగాలకు కనీస వేతనాలు సవరిస్తూ జీవోలు వెలువడ్డాయి. అవి గెజిట్‌లో అచ్చుకాకపోవడంతో కార్మికులు హైకోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. జీవో ఇచ్చి గెజిట్‌లో అచ్చువేయకపోవడం, ధ్రువపత్రం ఇచ్చి శిక్షణ ఇవ్వకపోవడం ఒకే నాణేనికి రెండు ముఖాలు.

కాబట్టి రాష్ట్ర ప్రభుత్వాన్ని అడగవలసినవి కొన్ని ఉన్నాయి. శిక్షణ తెలుగులో, ఉర్దూలో జరగాలి. ఆ రోజుల కూలి ఏజెన్సీయే చెల్లించాలి. ధ్రువపత్రం నిజమో కాదో గార్డు తన ఫోనులోనే చూసుకోగలగాలి. గార్డుల పేర్లు, ఫోటోలు, జీతాలతో ఏజెన్సీలు ఉంచవలసిన రిజిస్టరును హోంశాఖ, కార్మికశాఖ కలిసి తనిఖీ చేయాలి. ఏజెన్సీ లేకుండా యజమానులు నేరుగా కుదుర్చుకున్న అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌లను ఈ లైసెన్సు విధానం తాకడం లేదు. వాళ్లను కూడా కలుపుకొని మహారాష్ట్ర తరహా బోర్డు ఏర్పాటు చేయాలి. ప్రభుత్వ సంస్థల సెక్యూరిటీ టెండర్లలో రిజర్వేషన్‌ను షరతుగా పెట్టాలి. 2024–25లో జరిగిన ఇంటింటి కుల సర్వేలో వృత్తి వివరాలు కూడా అడిగారు. గేట్ల దగ్గర నిలబడుతున్నది ఏ కులాలో, ఏజెన్సీలు నడుపుతున్నది ఏ కులాలో ఆ పట్టికలు బయటపెట్టాలి.

ఇంకొకటి చిన్నది. దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కును కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టంలోకి తెచ్చాయి. 12 గంటలు నిలబడే గార్డుకు తెలంగాణ ఒక కుర్చీ ఇవ్వలేదా? 2019 ఎన్నికల్లో దేశ నాయకులు తమ పేర్ల ముందు ‘చౌకీదార్’ అని చేర్చుకున్నారు. ఆ పదాన్ని అరువు తెచ్చుకున్నవాళ్లు ఎవరూ ఆ పని చేసేవాడు ఎక్కడ కూర్చుంటున్నాడని అడగలేదు.

మొన్న వెళ్లినప్పుడు పెద్దాయన ఆ జిరాక్సు కాగితం మళ్లీ తీసి నా చేతిలో పెట్టారు. మంటలార్పే సిలిండరు గురించి రాసిన చోట వేలు పెట్టి చూపించమన్నారు. చూపించాను. ‘గిదొక్కటన్న నేర్పుమను సారూ. పైన పిల్లగాండ్లు పండుకుంటరు’ అన్నారు.