మొక్కు మొక్కుదాం, పరీక్షా చేయిద్దాం
తలసేమియా: అపోహలు – వాస్తవాలు

తలసేమియా మేజర్‌తో పుట్టిన బిడ్డ మొదట్లో అందరు పిల్లల్లాగే ఉంటుంది. పాలు తాగుతుంది, నవ్వుతుంది. అన్నప్రాశన వేళ దాటాక ముఖం పాలిపోవడం మొదలవుతుంది. నాలుగు గుక్కలు తాగేసరికే అలసిపోతుంది. ప్లీహం ఉబ్బి పొట్ట ఎత్తుగా కనిపిస్తుంది. కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ తగ్గిపోయి పెద్దవాళ్ల రకం హిమోగ్లోబిన్ తయారవ్వాల్సిన సమయమది. ఈ పిల్లల్లో అది సరిపడా తయారు కాదు. హైదరాబాద్ పాతబస్తీలో తలసేమియా అన్న పేరు డాక్టర్ నోట వినేలోపే అలాంటి బిడ్డ ఉన్న ఇంట్లో చాలా మాటలు వినిపిస్తాయి. ఒకరు నజర్ తగిలిందంటారు, ఒకరు దిష్టి అంటారు, ఇంకొకరు ఎప్పటిదో పాపం అంటారు.

అపోహ: ఇది దేవుడు వేసిన శిక్ష.

తల్లిదండ్రులిద్దరిలోనూ ఒకే రకం జన్యులోపం ఉండి, ఆ రెండూ బిడ్డకు చేరితే వచ్చే జబ్బు ఇది. ఒక్కరి నుంచే చేరితే బిడ్డ వాహకుడు మాత్రమే అవుతాడు. కాస్త రక్తహీనత ఉండొచ్చు గానీ జీవితమంతా ఆరోగ్యంగానే గడిచిపోతుంది. అందుకే ఆ తల్లిదండ్రులకు తమలో లోపం ఉన్న సంగతే తెలియదు.

శిక్ష అన్న ఊహకు మతగ్రంథాల్లో బలం ఉందనుకునేవాళ్లు యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం చూడాలి. పుట్టుగుడ్డివాణ్ని చూపించి, పాపం చేసింది వీడా, వీడి తల్లిదండ్రులా అని శిష్యులు అడిగితే, ఎవరూ కాదని యేసు చెబుతాడు. మన అష్టావక్రుడి కథా గుర్తు చేసుకోండి. జనకుడి సభలో అతని వంకర ఒంటిని చూసి నవ్వినవాళ్లే చివరికి తల దించుకున్నారు.

అపోహ: లోపం తల్లిదే.

ఈ అపోహ చేసే నష్టం ఇంతా అంతా కాదు. బిడ్డ పాలిపోతే కోడలి పాలు మంచివి కావంటారు, ఆమె పుట్టింటి వంశాన్ని తవ్వుతారు, కొడుక్కి మరో పెళ్లి చేస్తామంటారు. తలసేమియా మేజర్ బిడ్డకు రెండు లోపాల్లో ఒకటి తండ్రి ఇచ్చిందే. రెండో పెళ్లి చేసుకున్నా అతను వాహకుడిగానే ఉంటాడు. ఆ వచ్చే అమ్మాయి కూడా వాహకురాలైతే కథ మళ్లీ మొదటికే వస్తుంది.

అపోహ: ఒక బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదు.

నలుగురిలో ఒకరికి అని డాక్టర్ చెప్పిన మాటను చాలామంది ఇలా అర్థం చేసుకుంటారు. వాహక దంపతులకు ప్రతి కాన్పులోనూ 25 శాతం ముప్పు కొత్తగా ఉంటుంది. 50 శాతం బిడ్డ వాహకుడయ్యే అవకాశం, 25 శాతం ఏ లోపమూ లేకుండా పుట్టే అవకాశం. మొదటి బిడ్డ లెక్క రెండో బిడ్డకు చెల్లదు. ఈ జబ్బుకు చికిత్సగా వరుసగా ఇద్దరు పిల్లలకు రక్తం ఎక్కిస్తున్న ఇళ్లు ఉన్నాయంటే కారణం ఇదే.

అపోహ: ఇది ఫలానా మతం వాళ్ల జబ్బు.

ముస్లిం ఇళ్లలో పినతల్లి, మేనమామ పిల్లల మధ్య పెళ్లిళ్లు జరుగుతాయి. తెలుగు హిందూ ఇళ్లలో మేనరికం ఉంది, కొన్నిచోట్ల సొంత మేనమామకే పిల్లనిస్తారు. తాత దగ్గర ఉన్న లోపం ఇద్దరికీ చేరే అవకాశం రెండు పద్ధతుల్లోనూ పెరుగుతుంది. ఏ బంధుత్వమూ లేని దంపతులకూ ఈ జబ్బుతో పిల్లలు పుడతారు. సింధీ, పంజాబీ కుటుంబాల్లో వాహకులు ఎక్కువ. దేశం మొత్తం మీద ఏటా సుమారు 10,000 మంది ఇలా పుడుతున్నారని అంచనా.

అపోహ: దేవుణ్ని నమ్మినవాళ్లకు ఆస్పత్రితో పనేముంది? వైద్యానికి తొందరపడితే నమ్మకం లేనట్టే.

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఈ మాటే. పహాడీ షరీఫ్ దర్గాకు వెళ్లొద్దని, లాల్ దర్వాజా అమ్మవారికి మొక్కొద్దని ఏ మంచి డాక్టరూ చెప్పడు. బిడ్డ చేతికి తాయెత్తు ఉన్నా రక్తం ఎక్కుతుంది. అడ్డు వచ్చేదల్లా తాయెత్తు కట్టాం కదా, ఈ నెల చూద్దాంలే అనే ఆలోచనే. చికిత్స లేని తలసేమియా మేజర్ బిడ్డలు చాలామంది ఐదేళ్లు నిండకుండానే పోతారు.

తవక్కుల్ అనే మాట పాతబస్తీ ఇళ్లలో రోజూ వినబడుతుంది. దేవుడి మీద భారం వేయడమని అర్థం. ఒంటెను కట్టేసి ఆ తర్వాత భారం వేయమని ప్రవక్త ఒక బెదూయిన్‌కు చెప్పినట్టు హదీసుల్లో ఉంది. ఇరాన్ 1997లో, సౌదీ అరేబియా 2004లో పెళ్లికి ముందు తలసేమియా వాహకులను గుర్తించే రక్తపరీక్షను తప్పనిసరి చేశాయి. సైప్రస్‌లో ఆర్థడాక్స్ చర్చి కూడా పెళ్లికి ముందు పరీక్ష చేయించుకున్నట్టు పత్రం అడుగుతుంది. ఫలితం ఏమైనా పెళ్లి ఆపదు, తెలుసుకుని నిర్ణయించుకోమంటుంది, అంతే. భక్తి తక్కువైన సమాజాలు కావివి.

నమ్మకమంటే ఏమిటో రక్తం ఎక్కించే వార్డులో కనిపిస్తుంది. 1998లో మొదలైన తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ శివరాంపల్లిలో వేలమంది పిల్లలను చూసుకుంటోంది. ఇలాంటి చోట మూడు, నాలుగు గంటలు బొట్టు బొట్టుగా రక్తం ఎక్కుతుంది. సూది కదలకుండా చేతికి అట్టముక్క కట్టి ఉంటుంది. రెండో చేత్తో పిల్లలు హోంవర్క్ రాసుకుంటారు. పక్కన తస్బీ (జపమాల) తిప్పే అమ్మ ఉంటుంది, హనుమాన్ చాలీసా చదువుకునే నాన్న ఉంటాడు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి, బిడ్డ బతికినంతకాలం ఇలా రావాలి. రోజుకూలీ పోగొట్టుకుని, ఆటో ఛార్జీ పెట్టుకుని, తప్పకుండా వచ్చే ఆ తల్లిదండ్రుల విశ్వాసాన్ని మించిన విశ్వాసం నేనెరగను.

అపోహ: రక్తం తక్కువ కదా, ఐరన్ టానిక్ పడితే సరిపోతుంది.

ప్రమాదం. ఎక్కించే ప్రతి రక్తం సంచిలోనూ 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఉంటుంది. అదనపు ఇనుమును బయటికి పంపే దారి శరీరానికి లేదు. అది గుండెలో, కాలేయంలో పేరుకుపోతుంది. దాన్ని తీసేసే మందులు రోజూ వాడాలి. రక్తం మానని కుటుంబాలు కూడా ఈ మందు దగ్గర అలసిపోతుంటాయి. టీనేజీ పిల్లలు మరీను.

అపోహ: ఈ బిడ్డకు భవిష్యత్తు లేదు.

రక్తం, మందులు క్రమం తప్పకుండా అందినవాళ్లు చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, పెళ్లిళ్లు చేసుకుంటున్నారు. తోడబుట్టినవాళ్ల మజ్జ సరిపోలితే చిన్నవయసులో మజ్జ మార్పిడితో జబ్బు పూర్తిగా నయం కావొచ్చు. ఒక్కో తోబుట్టువుతో సరిపోలే అవకాశం 25 శాతం. కోల్ ఇండియా 2017 నుంచి తలసేమియా బాల్ సేవా యోజన కింద అర్హులైన కుటుంబాలకు ఈ చికిత్సకు 10 లక్షల రూపాయల వరకు ఇస్తోంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో తలసేమియా ఉంది కాబట్టి ధ్రువపత్రం తీసుకోవాలి.

అపోహ: పరీక్ష చేయిస్తే పెళ్లి సంబంధాలు పోతాయి.

వాహకుడు వాహకురాలు కాని అమ్మాయిని చేసుకుంటే పిల్లలకు మేజర్ రాదు. పెళ్లయిపోయిందా? గర్భం నిలవగానే మొదటి చెకప్‌లోనే అడగండి. మామూలు రక్తపరీక్షలో కణాల సైజు తక్కువగా కనిపిస్తే హెచ్‌బీ ఏ2 పరీక్ష చేస్తారు. భార్య వాహకురాలని తేలితే భర్త కూడా ఆ వారంలోనే రక్తం ఇవ్వాలి. ఇద్దరూ వాహకులైతే 10 నుంచి 12 వారాల మధ్య కడుపులోని బిడ్డ పరిస్థితి తెలుసుకునే పరీక్ష ఉంది. ఆ తర్వాతి నిర్ణయం ఆ దంపతులది. దాన్ని గౌరవించడం మన పని.

ఒక విన్నపం. ఎండాకాలంలో కాలేజీలకు సెలవులు ఇచ్చినప్పుడు, రంజాన్ నెలలో పగలంతా ఉపవాసం ఉన్నప్పుడు రక్తదాతలు తగ్గిపోతారు. పిల్లల తేదీలు మాత్రం మారవు. ఇఫ్తార్ అయ్యాక, కడుపునిండా తిని కాసేపాగి, దగ్గర్లోని బ్లడ్ బ్యాంకులో రక్తం ఇవ్వండి. బోనాలు చేసేవాళ్లు, క్రిస్మస్ చేసేవాళ్లు ఆ వేసవి కొరతలో ముందుకు రండి.