తప్పు తలుపుది కాదు, గడపది

అంబాసిడర్ టాక్సీల్లో తిరిగిన తరానికి "డోరు గట్టిగా వేయండి సార్" అన్న మాట చెవుల్లో ఉండిపోయింది. గట్టిగా వేస్తే "మరీ అంత గట్టిగానా సార్" అని విసుక్కునేదీ ఆ డ్రైవరే. అంబాసిడర్ తలుపులు పుట్టుకతోనే అంత అని చాలామంది నమ్మకం. నేను ఒప్పుకోను. సరిగ్గా కూర్చున్న అంబాసిడర్ తలుపు రెండు వేళ్లతో నెట్టినా పడుతుంది.

మా ఇంట్లో ఉన్నది 1971 నాటి మార్క్ 2. నాన్నగారి కారు, ఇప్పుడు నా చేతికొచ్చింది. మేముండేది విశాఖలో, సముద్రానికి దగ్గర. ఇక్కడ ఉప్పుగాలి ఇనుమును బతకనివ్వదు. డ్రైవరు పక్క తలుపు ఎత్తి పట్టుకుని వేస్తే తప్ప పడేది కాదు, తీయాలంటే లోపల్నుంచి భుజంతో తోయాలి. ఓ గ్యారేజీలో చూపిస్తే లాకు దగ్గర సుత్తితో రెండు దెబ్బలు వేసి "అయిపోయింది" అన్నారు. వారం తిరక్కుండా మళ్లీ అదే వరస.

చివరికి పాత బళ్ల టింకరింగే బతుకుగా గడిపిన ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. చూడగానే ఆయన అడిగిన మొదటి మాట: "లాకు ఎవరన్నా ముట్టుకున్నారా బాబూ?" అవునన్నాను. నవ్వి, స్తంభం మీద లాకు వచ్చి పట్టుకునే ఇనుప బిళ్లని, అదే స్ట్రైకర్‌ని, స్క్రూలు విప్పి పూర్తిగా తీసేశారు. అది ఉన్నంతసేపూ తలుపుని తనవైపు లాక్కుంటూనే ఉంటుంది. తీసేస్తేనే తలుపు తనంతట తాను ఎక్కడ వేలాడుతోందో తెలుస్తుంది. మాది వేలాడుతున్నది కిందికి. వెనక అంచు దిగిపోయి గడపను రాస్తోంది, అక్కడ పెయింటు పోయి ఇనుము తళతళలాడుతోంది.

తర్వాత తలుపుని బార్లా తీసి, హ్యాండిల్ కింద అరచెయ్యి పెట్టి పైకి లేపారు. టక్కుమని చప్పుడు. "బందుల్లో పిన్ను అరిగిపోయింది బాబూ, వినపడిందా?" తలుపుని మోసే రెండు బందుల్లోనూ నిలువుగా ఓ పిన్ను ఉంటుంది. చుక్క నూనె పడక ఏళ్లు గడిస్తే పిన్నూ అరుగుతుంది, అది తిరిగే గుండ్రటి రంధ్రమూ కోడిగుడ్డు ఆకారానికి సాగుతుంది. అప్పుడు పిన్ను మార్చినంత మాత్రాన చాలదు. రంధ్రాన్ని తొలిపించి కాస్త లావు పిన్నైనా వేయాలి, ఇత్తడి బుష్షైనా కూర్చాలి. లేతు మిషనున్న ఏ వర్క్‌షాపులోనైనా అయ్యే పనే.

అరిగింది బందులొక్కటే అయితే కథ అక్కడితో ముగిసేది. ఆయన ముందు చక్రం వెనక జాకీ పెట్టి మెల్లగా లేపుతూ "సందు చూస్తుండండి" అన్నారు. తలుపుకీ మధ్య స్తంభానికీ ఉన్న సందు నా కళ్లముందే మారింది. నిక్షేపంగా ఉన్న బండిలో అది మారకూడదు.

ఎందుకు మారిందో అర్థం కావాలంటే అంబాసిడర్ ఒళ్లు తెలియాలి. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ని బెంగాల్లోని ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్‌గా తయారుచేసింది. 1950ల చివర మొదలై 2014లో ఆగింది. చూడ్డానికి మొండిగా ఉంటుంది గానీ, లారీకి ఉన్నట్టు దీనికి విడిగా చాసిస్ లేదు. బాడీయే చాసిస్. తలుపుల కింద పొడవునా సాగే రేకు పెట్టె, మా మేస్త్రి గడప అనే భాగం, బండిని వంగకుండా నిలబెడుతుంది. అది లోపల్నుంచి తుప్పు తింటే మధ్యలో బండి కుంగుతుంది, తలుపు పట్టే ఖాళీ ఆకారం మారిపోతుంది. తలుపు మాత్రం పాత ఆకారంలోనే ఉంటుంది. ఇంటి చెక్కతలుపు వానాకాలం ఉబ్బితే చిత్రిక పట్టి సరిచేసుకుంటాం. కారు తలుపుకి ఆ దారి లేదు.

అందుకే మా పని తలుపుతో కాక గడపతో మొదలైంది. ఇందులో చాలామంది తొందరపడే చోటొకటుంది. కుళ్లిన గడపని కోసి కొత్త రేకు వెల్డింగు చేసేముందు, తలుపు ఖాళీలో ముందు స్తంభం నుంచి మధ్య స్తంభానికి ఇనుప గొట్టం అడ్డంగా అతికించాలి. లేకపోతే కోసిన క్షణంలో బండి ఇంకాస్త వంగి, కొత్త గడప ఆ వంకరలోనే బిగుసుకుపోతుంది. ఇంజను దించేసిన బండి మీద సందులు కొలిచినా దండగే. బరువు మళ్లీ పడగానే లెక్క తప్పుతుంది.

గడప నిలబడ్డాక తలుపుల వంతు. వెనక తలుపుతో మొదలుపెట్టాలి. దానికి ఆనుకుని ఉన్న వెనక బాడీ కదిలేది కాదు, కాబట్టి దాన్ని చూసి వెనక తలుపు, వెనక తలుపుని చూసి ముందు తలుపు, ముందు తలుపుని చూసి బోల్టుల మీద ఉండే ముందు మడ్‌గార్డు. ఈ వరస తిరగేస్తే ఒకటి సర్దగానే ఇంకొకటి తప్పుతుంది.

బందుల బోల్టులు కాస్త వదులు చేస్తే తలుపు జరుగుతుంది. వెనక అంచు ఇంకా దిగే ఉంటే కింది బందుకీ స్తంభానికీ మధ్య పల్చటి రేకు ముక్క, అదే షిమ్ము, పెట్టాలి. కింద వెనక్కి జరిగితే అవతలి అంచు పైకి లేస్తుంది. మా మేస్త్రి పాత డబ్బా రేకు కత్తిరించి పెట్టారు, వెంట్రుకవాసి తేడాకే తలుపు మూల కనపడేంత లేచింది. ఇలాంటి బండికి చుట్టూ 4, 5 మిల్లీమీటర్ల సందు ఉంటే చాలు. అన్ని పక్కలా ఒకేలా ఉండటమే ముఖ్యం. స్ట్రైకర్‌ని అన్నిటికన్నా చివర బిగించాలి. లాకు నాలుకకి సుద్దముక్క రాసి, తలుపు మెల్లగా వేసి తీస్తే ఎక్కడ తగులుతోందో స్ట్రైకర్ మీద తెల్లగా అచ్చు పడుతుంది.

అన్నీ అయ్యాక కూడా తలుపు పడకపోతే అనుమానం కొత్త రబ్బరు బీడింగు మీద. అంగట్లో దొరికే కొన్ని బీడింగులు గట్టిగా, మందంగా ఉంటాయి. తలుపు వచ్చి రబ్బరుకి కొట్టుకుని వెనక్కి వస్తుంటే బందుల్ని తిట్టి లాభం లేదు. మెత్తటి బీడింగు మార్చుకోండి. తలుపు అడుగున నీళ్లు కారిపోవడానికి ఉండే చిన్న రంధ్రాలు పెయింటుతో, మట్టితో మూసుకుపోతాయి. అద్దం పక్కనుంచి దిగిన వాననీళ్లు లోపలే నిలిచి తలుపు అడుగుని తినేస్తాయి. వానలకి ముందు సైకిలు పుల్లతో పొడిస్తే ఆ బాధ ఉండదు. పెయింటు మాటంటారా, అంతా కుదిరాకే.

50 ఏళ్లు దాటిన వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్ కోసం కేంద్రం 2021లో నియమాలు తెచ్చింది. ఆ గుర్తింపు కావాలంటే బండి అసలు రూపంలో ఉండాలి, బాడీలో, ఇంజనులో పెద్ద మార్పులు ఉండకూడదు. తలుపు పడటం లేదని వేరే బండి తలుపు కోసి అతికించే సలహాలు చెవిన పెట్టకండి.

పాత అంబాసిడర్ కొనబోయేవాళ్లకి నాదొక్కటే మాట. ఇంజను చప్పుడు తర్వాత వినండి. ముందు నాలుగు తలుపులూ ఎత్తి చూడండి, తర్వాత జాకీ అడగండి. జాకీ పెట్టనివ్వని అమ్మకందారు దగ్గర బేరం వద్దు.