చలికి కుండీలో తులసి, కరివేపాకు ఎండిపోతున్నాయా? ఆగండి.. నీళ్లు ఎక్కువ పోయకండి!

డిసెంబర్ వచ్చిందంటే చాలు.. మేడ మీద కుండీల్లో తులసి ఆకులు రాలుస్తుంది, కరివేపాకు పసుపెక్కుతుంది. అయ్యో ఎండిపోతోందని చాలామంది ఇంకో చెంబు నీళ్లు పోసేస్తుంటారు. అసలు దెబ్బ అక్కడే! చలికి ఎదుగుదల మందగిస్తుంది, వేర్లు తక్కువ నీళ్లు తాగుతాయి. మట్టి తడి ఆరక అవి కుళ్లిపోతాయి.

వేలు పెట్టి చూడండి. పైన అంగుళం మట్టి పొడిగా ఉంటేనే నీళ్లు.. అదీ ఉదయం ఎండెక్కాక.

నేలలోని మొక్క వేర్లకు చుట్టూ ఉన్న మట్టే దుప్పటి. కుండీకి అది లేదు, అన్ని వైపుల నుంచీ చలి తగులుతుంది. అందుకే కుండీలను ఎండ పడే గోడ వారగా, దగ్గర దగ్గరగా జరిపేయండి. కింద చెక్కముక్కో, ఇటుకో పెట్టండి. మట్టిపై ఎండుటాకులు పరిచినా చాలు.

ఆదిలాబాద్, లంబసింగి వైపు చలి సింగిల్ డిజిట్‌కు పడిపోతుంది కదా.. అక్కడివాళ్లు రాత్రిళ్లు పాత నూలు చీర కప్పి, పొద్దున్నే తీసేయాలి. ప్లాస్టిక్ కవర్ మాత్రం ఆకులకు తగలనివ్వొద్దు.

తులసి కంకులు గిల్లేయండి. ఇక ఆకులన్నీ రాలిన కరివేపాకును తొందరపడి పీకేయకండి. కాండాన్ని గోటితో కాస్త గీకండి.. లోపల పచ్చగా కనిపిస్తే ప్రాణం ఉన్నట్టే. ఎరువు సంగతి ఫిబ్రవరిలో, చిగుర్లు వచ్చాక చూసుకోవచ్చు.