కొండలు దాటొచ్చిన నేల

రాజమండ్రిలో రోడ్డు కం రైలు వంతెన మీద నుంచి చూస్తే గోదావరికి అవతలి గట్టు ఒక సన్నటి గీత. అంతటి నది, ఒక పూట ప్రయాణమంత ఎగువన, రెండు కొండవరుసల మధ్య ఒదిగొదిగి నడుస్తుంది. అవతలి ఒడ్డున మేసే మేకల్ని లెక్కపెట్టొచ్చు. పాపికొండల వింత నాకు ఆ ఇరుకులోనే ఉంది.

సీతానగరం మీదుగా వెళ్లే దారి మెల్లగా సిద్ధం చేస్తుంది. ఒకవైపు లంకల్లో అరటి, పొగాకు, కూరగాయల మళ్లు. మరోవైపు కంటికానినంత మేర వరి. పురుషోత్తపట్నం దాటాక చేలు కురచవుతాయి, కొండలు దగ్గరపడతాయి. గండి పోచమ్మ గుడి దగ్గర బోటెక్కాలి. వరదొస్తే అమ్మవారి గుడే మునిగిపోతుంది, బోట్లు ఆగిపోతాయి. నీరు తేరుకున్నాక, చలికాలంలో వెళ్లడమే మేలు.

బోటు ముందుకు సాగేకొద్దీ వెదురు పొదలు నీటి అంచుదాకా దిగివస్తాయి. ఒక మలుపు తిరిగితే ముందు దారి మూసుకుపోయినట్టుంటుంది, దగ్గరికెళ్తే మరో మలుపు తెరుచుకుంటుంది. నార్వే ఫియర్డ్‌లు చూసొచ్చినవాళ్లకు ఇక్కడ అవే గుర్తొస్తాయి. చూపుకు ఆ పోలిక నిజమే, పుట్టుక మాత్రం పూర్తిగా వేరు. మంచుయుగాల్లో హిమనదాలు కొండల్ని తొలిచేస్తే, ఆ లోయల్లోకి సముద్రం చొరబడి ఫియర్డ్‌లయ్యాయి. వాటిలో పెద్దదైన సోన్యే 200 కిలోమీటర్లకు పైగా లోపలికి పోయి, 1,300 మీటర్ల లోతు దాకా దిగింది. మన దగ్గర మంచు లేదు. సింగరేణి బొగ్గు పొరలున్న పాత పగులులోయ వెంట వచ్చిన నది, తూర్పు కనుమల గట్టి ఖోండలైట్ శిలను అడ్డంగా కోసుకుని బయటపడింది.

తర్వాత ఏం జరిగిందో చూడండి. త్ర్యంబకంలో పుట్టిన నీరు, బస్తర్ అడవుల ఇంద్రావతి నీరు, శబరి నీరు, మొత్తం 3 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా నేల మీద కురిసిన వాన ఈ సందులోంచే దిగాలి. దానితోపాటే మట్టీ. ఆషాఢ శ్రావణాల్లో పారే ఎర్రనీరు ఆ మట్టే. అది వేల ఏళ్లుగా పరుచుకుంటే కోనసీమ అయింది. నార్వేలో సముద్రం కొండల్లోకి వచ్చింది. ఇక్కడ ఎగువ నేల కరిగి సముద్రంలోకి నడిచింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్టతో కాటన్ దొర కాలువలకు మళ్లించిన నీరు పారింది ఆ ఒండ్రు మీదే.

ఇరుకులో పడ్డ వరదకు కోపమెక్కువ. 1986 ఆగస్టులో ఎగువన భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు మలుపులో, వరద నీటిలోనే బయల్దేరిన బోటు మునిగి పదుల మంది చనిపోయారు. దాన్ని పైకి తీయడానికి నెలకు పైగా పట్టింది. లైఫ్ జాకెట్ వేసుకోమని సిబ్బంది కేకేస్తే విసుక్కోకండి.

పేరంటపల్లిలో దిగి శివాలయం చూస్తారు. మెట్ల పక్కన కొండరెడ్లు వెదురుతో చేసిన వస్తువులు అమ్ముతారు. ఆ పనితనానికి బేరమాడడం నాకు నచ్చదు.

2021 జూన్ నుంచి గోదావరి దిగువన పోలవరం ప్రాజెక్టు స్పిల్‌వే మీదుగా పారుతోంది. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. ఎగువన నిలిచిన నీరు ఇప్పటికే చాలాచోట్ల పాత ఒడ్డుల్ని కప్పేసింది. ఇసుక తిన్నెలు పోయాయి. పారే నది సరస్సులా నిలబడుతోంది, ఫియర్డ్ పోలిక ఏటా మరింత కుదురుతోంది. అందంగానే ఉంది. కానీ ఎగువ జలాశయాల్లో ఒండ్రు ఆగిపోయి డెల్టా తీరం ఇప్పటికే కోతపడుతోంది. ఈ నిలిచిన నీటి అడుగున ఇంకెంత మట్టి మిగిలిపోతుందోనని కోనసీమ రైతు కూడా ఆలోచించాలి.

ప్రాజెక్టు నిర్వాసితుల లెక్క లక్ష కుటుంబాలు దాటింది. కొండరెడ్లు, కోయలు పోడు చేలూ జీలుగు చెట్లూ వదిలి పునరావాస కాలనీలకు చేరారు. బోటులో మైకు పట్టుకున్న గైడ్లు సినిమా షూటింగులు జరిగిన చోట్లు చూపిస్తుంటారు. దేవీపట్నం, తొయ్యేరు, వీరవరం, కొండమొదలు: ఈ ఊళ్ల పేర్లు కూడా చెప్పాలి, ఏ ఊరు ఏ ఒడ్డున ఉండేదో వేలు పెట్టి చూపించాలి. వాళ్లు చెప్పకపోతే మీరే అడగండి. సరంగులకు తెలుసు.